ఓడ ఇంకా రాలేదు

మొన్న ఆదివారం ఫ్రిస్కో నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. ఇల్లు చూశారట, అన్నీ నచ్చాయట, స్కూల్ డిస్ట్రిక్ట్ బ్రహ్మాండమట. "కానీ అక్కా, వెస్ట్ ఫేసింగ్. మా అత్తగారు వద్దంటే వద్దంటున్నారు. నువ్వేమంటావ్?" అంది. దిక్కుల మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుందని దానికి తెలుసు. నాలుగు చీవాట్లు తిని, ఆ ధైర్యంతో అత్తగారికి ఎదురు చెబుదామని చేసిన ఫోన్ అది. తీరా నేను నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "పడమరకి తిరిగి బతికిన మనిషి ఒకావిడ నాకు తెలుసే" అన్నాను. "ఎవరక్కా?" అంది. తర్వాత చెప్తాలే అని పెట్టేశాను.

వర్జీనియాలో షాంటిలీ అనే ఊళ్ళో మేముండే టౌన్‌హౌస్ వరసలో పక్కిల్లు ఆవిడది. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇవతల మా ఆయన మీటింగులు, మా అమ్మాయి పియానో. అవతల ఆవిడ దగ్గు, ఆవిడ రాతి రోట్లో పల్లీలు నూరే చప్పుడు. ఎయిర్‌పోర్ట్ దగ్గర విమానాలకి భోజనాలు కట్టే కిచెన్‌లో పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకుని తీసుకొచ్చిన అమెరికన్ భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. మొదట్లో ఇంతకుమించి ఆవిడ జీవితచరిత్ర నాకూ తెలియదు, ఆవిడ చెప్పనూ లేదు.

మేం సామానుతో దిగిన రోజే మొదటి తగువు. మా ఆయన ఫోన్‌లో దిక్సూచి యాప్ పెట్టుకుని ముందు గడ్డిలో గుండ్రంగా తిరుగుతున్నాడు. కొనేటప్పుడు తూర్పు చూసే కొన్నాం, అయినా ఇంకోసారి చూసుకుంటే తప్పేముందని ఆయన బాధ. పక్కింటి తలుపు తెరుచుకుంది. పొట్టిగా, బక్కగా, మొహం నిండా ముడతలతో ఒకావిడ.

"ఏం పోయింది?" అంది.

"ఏం పోలేదు ఆంటీ, తూర్పెటో చూస్తున్న" అన్నాడు మా ఆయన.

"అదెక్కడికీ పోదు. లారీ నా కారుకి అడ్డంగా పెట్టారు. ముందది తియ్యండి."

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. విరిచి విరిచి, సగం మాటలు మింగేసి మాట్లాడే ఇంగ్లీషు. నా చెవికి మాత్రం అది మా మేనత్త తెలుగులాగే వినపడేది. అందుకే ఇక్కడా అలాగే రాస్తున్నాను.

ఆ తర్వాత మంచి చేసుకుందామని పులిహోర పట్టుకెళ్ళాను. "మీదే దేశం ఆంటీ?" అని అడిగాను. "జావా" అంది. మా ఆయన ఊరుకోవచ్చుగా, "నేను కూడా జావానే ఆంటీ, పదేళ్ళ నుంచి ఆఫీసుల అదే కోడింగ్ పని" అన్నాడు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నేను జావా ఎప్పుడూ చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదు" అంది. పులిహోర గిన్నె తీసుకుని తలుపు వేసుకుంది.

ఇంత ముక్కు మీద కోపమున్న మనిషి గోడవతల ఉంటే ఎలారా బాబూ అనుకున్నాను.

ఆవిడ హాల్లో ఒక కర్ర కుర్చీ ఉండేది. టీవీ ఒక పక్క ఉంటే కుర్చీ మొహం ఇంటి వెనక చెక్క డెక్ వైపు, అంటే పడమరకి. ఎవరు వచ్చినా ముందు కనిపించేది ఆవిడ వీపు. లేచి రాదు, తల తిప్పదు. "చెప్పులు విప్పి రా" అని కుర్చీలోంచే కేక. మా అమ్మాయిని స్కూల్ బస్సు దగ్గర దించుకుని, నేను ఆఫీస్ నుంచి వచ్చేదాకా చూసుకుంటానని తనంతట తనే ముందుకొచ్చింది. అయినా పిల్లని తీసుకెళ్ళడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ వీపుతోనే మాట్లాడాల్సి వచ్చేది.

ఆవిడకి ఊతపదం ఒకటుంది. బస్సు ఆలస్యమైందని నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, "మా ఓడే ఇంకా రాలేదు, బస్సుకేం తొందర?" అనేది. పార్సిల్ రాకపోయినా అదే మాట. మా గ్రీన్ కార్డ్ క్యూ మళ్ళీ వెనక్కి పోయిందని మా ఆయన తల పట్టుకుంటే కూడా అదే మాట. ఆ ఒక్కసారి మాత్రం ఆయనకి నిజంగా కోపం వచ్చింది. "ఏం ఓడ ఆంటీ? ఎప్పుడు చూసినా ఓడ, ఓడ!" అన్నాడు. అప్పుడు చెప్పింది, బస్ స్టాప్ దగ్గర నిలబడి, రోడ్డు చూస్తూ.

ఆవిడ నాన్నమ్మ జావాలో సంతకి వెళ్ళిన పిల్ల. పని ఉంది, దగ్గరే, అని ఒక పెద్దమనిషి నమ్మబలికాడట. ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ దగ్గర ఎంత దగ్గరంటే, ఓడలో వారాలకి వారాలు. దింపింది దక్షిణ అమెరికాలో, సురినామ్ అని అప్పట్లో డచ్చివాళ్ళ చేతిలో ఉన్న దేశంలో, చెరుకు తోటలో. ఒప్పందం గడువు తీరాక మళ్ళీ ఓడెక్కించి ఇంటికి పంపాలి. కాగితంలో అలాగే ఉంది. గడువు తీరింది. తోట ఆఫీసువాళ్ళు వచ్చి, ఓడ మాట వదులుకుంటే ఇక్కడే కాస్త నేల ఇస్తామన్నారు. చాలామంది సరే అన్నారు. నాన్నమ్మ అనలేదు.

"నేల వద్దు, ఓడ కావాలంది" అని ఆవిడ నా వైపు తిరిగింది. "బట్టలు మూట కట్టి తలగడ పక్కన పెట్టుకుంది. నదిలో ఓడ కూత వినపడితే చాలు, మూట తీసుకుని రేవుకి వెళ్ళేది. పెళ్ళయినా వెళ్ళింది, పిల్లలు పుట్టినా వెళ్ళింది. నేను పుట్టాక నన్ను చంకనేసుకుని వెళ్ళింది."

మనవాళ్ళు కూడా ఇలాగే మారిషస్ చెరుకు తోటలకి, బర్మాకి ఓడలెక్కి పోయారని ఎక్కడో చదివి వదిలేశాను. చదవడం వేరు, ఆ ఓడలో వచ్చిన మనిషి చంకనెక్కిన పిల్ల మన ఎదురుగా నిలబడి బస్సు కోసం చూడటం వేరు.

పడమర సంగతి ఇంకోలా తెలిసింది. ఒక శుక్రవారం మసీదు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఆవిణ్ణి చూడటానికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. నమాజు వేళయింది. వాళ్ళు ఫోన్ చూసుకుని ఈశాన్యానికి తిరిగారు. ఈవిడ తన చాప పడమరకి పరిచింది. వాళ్ళు చాలా మర్యాదగా, "ఆంటీ, మక్కా ఇటు" అన్నారు. "తెలుసు" అని ఈవిడ పడమరకే వంగింది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మళ్ళీ రాలేదు.

నా నోరు ఊరుకోదు. "తెలిసీ ఎందుకలా ఆంటీ?" అని అడిగాను.

జావాలో ఉన్నవాళ్ళకి మక్కా పడమర. సురినామ్ వెళ్ళాక అదే తూర్పయింది. కానీ తోటల్లో వాళ్ళంతా పడమరకే తిరిగి నమాజు చేస్తూ వచ్చారు. తర్వాత్తర్వాత కొందరు చదువుకుని తూర్పుకి తిరిగారు. ఊరు రెండుగా చీలింది. ఒకే వీధిలో అటు చూసే మసీదొకటి, ఇటు చూసేదొకటి. పెళ్ళి సంబంధాలు తప్పిపోయాయి. పోయిన పెద్దల పేరు చెప్పి కాఫీ, అన్నం పెట్టే పడమటివాళ్ళ ఇంట్లో తూర్పువాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు.

"మొదట్లో మీ నాన్నమ్మ వాళ్ళకి తెలీలేదేమో పాపం" అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "మా నాన్నమ్మకి సూర్యుడు ఎటు పొడుస్తాడో తెలీదా? ఇంటికెళ్ళాక మళ్ళీ పడమరకే కదా తిరగాలి. ఈలోపల అలవాటు తప్పితే? తూర్పుకి తిరిగామంటే ఇంక వెళ్ళం అని ఒప్పుకున్నట్టే. ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను."

నాకు మా వంటింటి గోడ గుర్తొచ్చింది. అక్కడ రెండు గడియారాలుంటాయి. ఒకటి వర్జీనియా టైము, ఒకటి హైదరాబాద్ టైము. ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు రెండోదాని ముందు ఆగిపోయింది. "ఇది తప్పు చూపిస్తోంది" అంది. "మా ఊరి టైము ఆంటీ, అమ్మకి ఫోన్ చేయడానికి" అన్నాను. "ఫోన్‌లోనే ఉంటుందిగా టైము?" అంది. నేను గడియారం మీద దుమ్ము తుడిచాను. ఆవిడ తల ఊపింది. ఆ రోజు నుంచీ మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు ఆ గడియారం చూసి, తర్వాత మా మొహాలు చూసేది.

మా ఇంట్లో ఆవిడ గమనించింది ఇంకొకటి ఉంది. మెట్ల పైన సీలింగ్ మీద పెద్ద మరక. వాన గట్టిగా పడితే చుక్కలు కారతాయి, కింద బకెట్టు పెడతాం. రూఫ్ మార్పిద్దామని నేనంటే మా ఆయన, "గ్రీన్ కార్డ్ సంగతి తేలనీ. రేపు జాబ్ పోతే పెట్టే బేడా సదురుకుని పోవాలె. గింత ఖర్చు ఎవరి కోసం?" అంటాడు. నేనూ గట్టిగా అడగలేదు. ఒక వానరోజు పిల్లని దింపడానికి వచ్చి ఆవిడ ఆ బకెట్టు చూసింది. కాలితో దాన్ని కొంచెం పక్కకి జరిపింది. చుక్క సరిగ్గా మధ్యలో పడింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. నేను టీ పెడతానన్నా ఆగకుండా వెళ్ళిపోయింది.

"తోడబుట్టినవాళ్ళు లేరా ఆంటీ?" అని ఒకసారి అడిగాను.

"ఒకడున్నాడు, రాటర్‌డామ్‌లో. తూర్పుకి తిరిగాడు. మా ఇంటికి రేకు వేశాడు."

ఖూనీ చేశాడన్నట్టు చెప్పింది. రేకు వేస్తే ఏమైందో నాకు అర్థం కాలేదు. ఆవిడ పల్లీలు నూరడం ఆపలేదు. "తాటాకు కప్పు తీసేసి జింకు రేకు వేశాడు. ఎవర్నీ అడగలేదు. నాన్నమ్మ చూసింది. లోపలికెళ్ళి మూట విప్పి, బట్టలన్నీ దండెం మీద వేసింది. ఆ వారమే పోయింది. వాడితో నాకు మాటల్లేవు."

ఆ తర్వాతి వేసవిలో ఆవిడకి కాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరిపోయింది. హాస్పిటల్ వద్దంది. చివరి రోజుల్లో ఇంటికే వచ్చి చూసుకునే హాస్పిస్ వాళ్ళు మంచం తెచ్చి హాల్లో వేశారు. ఆ మంచం డెక్ వైపు చూసేలా తిప్పేదాకా నర్సుని నిలవనీయలేదు. ఒక సాయంత్రం నేను గంజి తాగిస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"మా వాడికి కబురు పెట్టాను. వస్తాడు. వచ్చి నన్ను వాడి దిక్కుకి తిప్పి పూడుస్తాడు. నువ్వు చూడాలి. నా మొహం పడమరకి ఉండాలి."

"నేనెవర్ని ఆంటీ చెప్పడానికి? కాగితం మీద రాయండి, లాయర్ని పిలుస్తాను."

"మా నాన్నమ్మ కాగితం మీదే వేలిముద్ర వేసింది. ఆ కాగితంలో ఓడ ఉంది. ఏదీ ఓడ?" అని దగ్గు తెర అణిగేదాకా ఆగింది. "కాగితాలొద్దు. నువ్వు మాటివ్వు. గడియారం ఉన్నదానివి నువ్వు."

మాటిచ్చాను. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? వాళ్ళ మతం, వాళ్ళ శ్మశానం. మనం పోయి నడుమల నిలబడి తల ఇటు పెట్టుండ్రి అంటామా? ఏమన్న లొల్లి అయి ఎవరన్న పోలీస్‌కి ఫోన్ చేస్తే మన వీసా స్టేటస్ ఏం గావాలె?" ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే నాకు ఇంకా ఏడుపొచ్చింది.

రాటర్‌డామ్ నుంచి ఆవిడ తమ్ముడు వచ్చాడు. అచ్చు ఈవిడ పోలికే. అదే పొట్టి, అదే బక్క. తెల్ల గడ్డం, తల మీద టోపీ. అక్క ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. బయట కొన్న సీసా తెచ్చుకున్నాడు. మంచానికి ఈశాన్యం మూల చాప పరిచి నమాజు చేశాడు. ఆవిడ మంచంలో పడమరకి తిరిగి పడుకుంది. ఒకరి వీపు ఒకరికి. ఆ గదిలోకి గ్లాసు పట్టుకుని వెళ్ళాలంటే నాకు ఊపిరాడేది కాదు. ఇవాళైనా మాట్లాడుకుంటారు, రేపైనా మాట్లాడుకుంటారు అని చూశాను. ఊహూ.

ఒక మధ్యాహ్నం ఆవిడ పోయింది. మర్నాడే ఖననం అన్నారు. ఏర్పాట్లు మాట్లాడటానికి ఆ తమ్ముడు మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. నేను కాఫీ ఇచ్చాను. మా ఇంట్లో తాగాడు. ఇంక ఆగితే ధైర్యం చాలదని గబగబా చెప్పేశాను. మీ అక్క నాతో మాట తీసుకుంది, మొహం పడమరకి ఉండాలంది, అని.

"కుదరదు" అన్నాడు. కోప్పడలేదు, అందుకే ఇంకా భయం వేసింది. "రేపు దేవుడి ముందు జవాబు చెప్పుకోవాల్సింది నేను. మీరు కాదు."

"ఆవిడ చివరి కోరిక అండీ."

"మా అక్క మీకు రేకు సంగతి చెప్పిందా?"

చెప్పిందన్నాను.

"తమ్ముడి సంగతి చెప్పిందా?"

ఇంకో తమ్ముడున్నాడని నాకు తెలియదు. ఆయన కాఫీ కింద పెట్టాడు. "నాకంటే చిన్నవాడు. మా ఇంటి కప్పు కారేది. ఏటా కారేది. ఏటా మా నాన్నమ్మ, వెళ్ళిపోయే ఇంటికి కప్పెందుకు, ఓడ వస్తుందిగా అనేది. మా నాన్న తల ఊపేవాడు. ఒక వానాకాలం చిన్నవాడికి జ్వరం. వాడి మంచం మీద చుక్కలు పడకుండా మా అక్క గిన్నె పట్టుకుని నిలబడేది. చిన్నపిల్ల. చేతులు లాగి గిన్నె పక్కకి జరిగినప్పుడల్లా నాన్న తిట్టేవాడు. వాడు బతకలేదు." ఆయన తల మీద టోపీ సరిచేసుకున్నాడు. "ఆ ఇంట్లో అందరూ పడమరకే చూశారు. పైకి ఒక్కరూ చూడలేదు. నాకు చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రోజు నేను చేసిన మొదటి పని రేకు వేయడం. ఉన్నచోట ఉంటామని ఒప్పుకోకపోతే ఇల్లు నిలబడదమ్మా. అందుకే తూర్పుకి తిరిగాను. దానికి మా అక్క నన్ను హంతకుణ్ణి చేసింది."

బకెట్టు జరిపిన ఆవిడ కాలు నాకు కళ్ళకి కట్టింది. ఏడుపు ఆగలేదు. ఎవరి వైపు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

లేచి వెళ్ళబోతూ ఆయన గడియారం ముందు ఆగాడు. తన చేతి వాచీ చూసుకున్నాడు, మళ్ళీ గోడ చూశాడు. నేను చెప్పక ముందే, "మీ ఊరి టైమా?" అన్నాడు. ఔనన్నాను. "ఇన్నేళ్ళ తర్వాత మా అక్క నన్ను ఒక్కటే అడిగింది. నిన్న పొద్దున. బయట వాన పడుతోందా అని" అన్నాడు. "లేదు అన్నాను. అంతే."

మర్నాడు శ్మశానానికి నేను, మా ఆయన వెళ్ళాం. వద్దు వద్దంటూనే ఆయన కారు తీశాడు. సమాధులన్నీ బారులు తీరి ఉన్నాయి, అందరూ ఒకే దిక్కుకి, మక్కా వైపు, పక్కకి ఒత్తిగిల్లి పడుకున్నవాళ్ళే. కమిటీ పెద్దాయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి. మా మాట విని సంతోషంగా తెలుగులోనే పలకరించాడు. మబ్బు దట్టంగా ఉంది, సూర్యుడి జాడే లేదు. ఆడవాళ్ళు కార్ల దగ్గర నిలబడ్డారు. నేనూ అక్కడే నిలబడ్డాను.

తెల్లబట్టలో చుట్టిన ఆవిణ్ణి గుంట దగ్గరికి తెచ్చారు. ఎంత చిన్నగా ఉందో. కమిటీ పెద్దాయన, "తల ఇటు" అని చెయ్యి చూపించాడు. మోస్తున్నవాళ్ళు అటు తిరిగారు. నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. వెనక మా ఆయన, "ఏయ్, ఏయ్, ఆగు" అంటూనే ఉన్నాడు. మగవాళ్ళ మధ్యలోంచి వెళ్ళి గుంట అంచున నిలబడ్డాను. ఎన్నో చెప్పాలనుకుని వెళ్ళానా, ఒక్క ముక్కే వచ్చింది.

"నేను మాటిచ్చాను" అన్నాను.

మోస్తున్నవాళ్ళు ఆగిపోయారు. "ఏమైందమ్మా?" అన్నాడు కమిటీ పెద్దాయన. తమ్ముడు నా వైపు చూడలేదు. చెప్పులు విప్పి గుంటలోకి దిగాడు. దిగి, ఒక క్షణం మట్టి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తల పైకెత్తాడు.

"రేకు వేసిన రోజు నేను ఎవర్నీ అడగలేదు" అన్నాడు. "ఇవాళ అడుగుతున్నాను. పడమర ఎటు?"

నేను తల తిప్పి చూశాను. మబ్బు. చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి. నాకు తెలియలేదు. అయ్యో, ఇంత చేసి ఇప్పుడు తెలియదా అనుకున్నాను. అప్పుడు నా భుజం పక్కనుంచి మా ఆయన చెయ్యి వచ్చింది. చేతిలో ఫోను, ఫోన్‌లో ఆ దిక్సూచి.

"అటు సార్" అన్నాడు. "కానీ గుంట ఐమూలగ ఉంది. తల ఆ చివరకి పెడితే నైరుతి వస్తది. పూర తిన్నగ రాదు."

"చాలు" అన్నాడు తమ్ముడు. "తల అటు తిప్పండి."

కమిటీ పెద్దాయన కంగారు పడ్డాడు. "అరె, అట్ల ఎట్లమ్మా? లైన్ ఉంటది. అట్ల పెడితే అందరికీ వీపు పెట్టినట్టయితది" అని మాతో తెలుగులో, ఆయనతో ఇంగ్లీషులో మొత్తుకున్నాడు.

"చిన్నప్పట్నుంచీ అంతే ఆవిడ" అన్నాడు తమ్ముడు. "జవాబు నేను చెప్పుకుంటాను. దించండి."

పెద్దాయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత పక్కకి తప్పుకున్నాడు. మోస్తున్నవాళ్ళు మెల్లిగా వెనక్కి తిరిగారు. ఆయన చేతులు చాచి అక్క తల అందుకున్నాడు. కుడి పక్కకి ఒత్తిగిలించి, చెంప కింద మట్టి సర్ది, ఆమె చెవి దగ్గర వంగి ఏదో అన్నాడు. వాళ్ళ భాష. నాకు అర్థం కాలేదు, అడగనూ లేదు. పైకి రావడానికి మా ఆయన చెయ్యందించాడు.

ఆయన మర్నాడే వెళ్ళిపోయాడు. క్యాబ్ బయట ఆగి ఉంది, చెప్పి వెళ్దామని మా గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నా భుజం మీదుగా వంటింట్లోకి చూశాడు. ఆ గడియారం గుమ్మంలోంచి కనపడుతుంది.

"మీ ఇంటి కప్పు కారుతోందా?" అన్నాడు.

ఆయన మా మెట్లెక్కి పైకి వెళ్ళలేదు. బకెట్టు చూడలేదు. అక్క చెప్పి ఉండదు, వాళ్ళు మాట్లాడుకుంటేగా. లేదండీ అని అనేద్దామనుకున్నాను. నాకు సిగ్గేసింది.

"కారుతోంది" అన్నాను.

ఆయన తల ఊపాడు, ఆవిడ ఊపినట్టే. సూట్‌కేస్ తీసుకుని క్యాబ్ ఎక్కాడు.

ఆ సాయంత్రం రూఫ్ మార్చేవాళ్ళకి ఫోన్ చేసి రమ్మన్నాను. మా ఆయనతో చెప్పాను, అడగలేదు. ఆయన కూడా ఎవరి కోసం అని అనలేదు. బకెట్టు గరాజ్‌లో పెట్టేశాం. గడియారం మాత్రం అక్కడే ఉంది.